థలామస్ మంత్రం

ప్రయోగం చెడిపోయి నవ్వులపాలైనవాళ్లు చాలామంది ఉంటారు. నేను మాత్రం ప్రయోగం ఫలించి నవ్వులపాలయ్యాను. ఎంత ఘోరంగా ఫలించిందో చెబుతాను, వినండి.

అప్పుడు నిజాం రాజ్యం. మాది శామీర్‌పేట. కొత్తగా డాక్టరు చదువు ముగించి, నొప్పి మీద పరిశోధన చేయడానికి మద్రాసు బయల్దేరుతున్నాను. దెబ్బ కాలికి తగిలినా నొప్పి పుట్టేది మెదడులోనే అని నా వాదం. మా బాపు ఊరికి పటేలు. ఆయనకు ఈ ప్రయాణం బొత్తిగా నచ్చలేదు.

"నొప్పి కోసం మద్రాసు దాంక పోవుడేంది బిడ్డా? మనూర్ల లేవా నొప్పులు?"

"ఉన్నయి బాపు. అవెట్ల పుడ్తయో నీకెరుకనా?"

"దెబ్బ తాకితె పుడ్తయి!"

ఇలా ఉండగా మా బండి తోలే ఖాసిం చిచ్చాను తేలు కుట్టింది. ఊళ్లో తేలు మంత్రం వేసే ముసలాయన ఆ ఏడే పోయాడు. చిచ్చా చెయ్యి పట్టుకుని వాకిట్లో పొర్లుతున్నాడు. మందు రాసి ఊరుకోవచ్చు కదా అంటారా? ఊరుకుంటే నేనెందుకవుతాను! మంత్రంలో మహిమేమీ లేదు, ధ్యాస మళ్లడంలోనే ఉందంతా అని రుజువు చేయాలనే దురద పుట్టింది. వేపమండ విరిచి, చిచ్చా భుజం నుంచి కిందికి దులుపుతూ, మెదడు భాగాల పేర్లు గంభీరంగా అందుకున్నాను.

"సెరిబ్రం, సెరిబెల్లం, థలామస్... నొప్పి యాడికొచ్చింది చిచ్చా?"

"మోచేతికొచ్చింది బేటీ!"

"థలామస్, థలామస్, మెడుల్లా... ఇప్పుడు?"

"ఏలు కొసకు దిగింది! అరె అల్లా, మస్తు మంత్రం!"

గెలిచాను. గెలిచి మునిగాను. తెల్లారేసరికి దేవరయాంజాల్ నుంచి కూడా తేలు కుట్టినవాళ్లు బండ్లు కట్టుకుని వచ్చేశారు. మంత్రం పట్టినవాళ్లు ఊరు విడవకూడదని మా వైపు కట్టుబాటు. బాపు మొహం వెలిగిపోయింది.

"ఇగ మద్రాసు బంద్," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అరుగెక్కి అందరి ముందూ అరిచాను. "గది మంత్రం గాదు! మెదడుల భాగాల పేర్లు! సెరిబ్రం, సెరిబెల్లం, థలామస్, మెడుల్లా! గంతే!"

జనం నోళ్లు తెరిచారు. నలుగురిలో బయటపెట్టిన మంత్రం ఇక పనిచేయదని అందరి నమ్మకం.

"మంత్రం ఖరాబ్ జేసినవు గదా!" బాపు తల కొట్టుకున్నాడు. "ఇగ తేలు కుడ్తె ఎవలు జూస్తరు? మందులపెట్టె పట్టుకోని నువ్వే ఈడ ఉండాలె."

"ఉండ! నువ్వు అడ్డం నిలవడ్డా పోత!"

మర్నాడు మేడ్చల్‌లో రైలెక్కాలని పెట్టె బండిలో వేయించాను. బాపు నిజంగానే ఎద్దులకు అడ్డంగా నిలబడ్డాడు. ఆ కోపంలో కూర్చోవడానికి గడ్డి సర్దబోయాను. గడ్డిలో తేలుంది. నొప్పి మెదడులో ఉంటుందని వాదించే నేను, చెయ్యి పట్టుకుని ఊరంతా వినేలా "సచ్చిన్రో!" అని కేక పెట్టాను.

"ఇప్పుడు పోతవా?" అన్నాడు బాపు.

"పోత!" అన్నాను ఏడుస్తూనే.

ఖాసిం చిచ్చా బండి దిగి వేపమండ విరిచాడు. "సెరిబ్రం, సెరిబెల్లం, థలామస్..." ఒక్క అక్షరం తప్పలేదు. "యాడికొచ్చింది బేటీ?"

దిగిందంటే పరువు పోతుంది. దిగలేదంటే మంత్రం చెడిందని బాపు కదలడు, రైలు పోతుంది. పైగా ఆ మాటల గుట్టు నాకు తెలుసు. తెలిసినా దిగుతోంది మరి, ఏం చేయను!

"మణికట్టుకొచ్చింది," అన్నాను పళ్లు కొరుకుతూ.

బాపు నా మొహం చూసి, ఎద్దుల ముందు నుంచి పక్కకు జరిగాడు. "మంత్రం చెడలె. ఖాసిం కాడ ఉన్నది. ఇగ నువ్వు పో బిడ్డా, రైలు పోతది," అన్నాడు. ఆ మాటకు నాకు తేలు కుట్టినప్పటికంటే ఎక్కువ ఏడుపొచ్చింది.

నా వాదం తప్పని ఇప్పటికీ ఒప్పుకోను. అయినా ఆ రోజు మేడ్చల్ స్టేషన్‌లో వాచిన చెయ్యెత్తి ప్రతిజ్ఞ చేశాను: ప్రాణం మీదికొచ్చినా సరే, శామీర్‌పేట పొలిమేరలో మెదడు భాగాల పేర్లు పైకి అనను. నా దగ్గర ఇంకొన్ని పేర్లున్నాయని తెలిస్తే మా వాళ్లు పాముకాటుకు కూడా పిలుస్తారు.