చెల్లెలు రాయని జాబు

నా చిన్నప్పుడు నాంపల్లిలోని మా ఇంటికి వచ్చే ఉత్తరాల్లో సగం మేము పంపినవే. మా నానమ్మ మెదక్‌లో ఉన్న తన చెల్లెలికి జాబులు రాసేది. ఆవిడ కవరైనా విప్పకుండా తిప్పి పంపేది. తన కొడుకు పెళ్లికి మా ఇంటి నుంచి ఎవరూ వెళ్లలేదని ఆవిడకు కోపం. ఆ వారమంతా మా తాతయ్య దవాఖానలో ఉన్నాడు. ఆ సంగతి చెప్పాలనే నానమ్మ రాసేది. చదివితే కదా తెలిసేది.

ఒక శనివారం నానమ్మ నన్ను అబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకు తీసుకెళ్లింది. కవరు కొని, జాబు లోపల పెట్టి అంటించి, నా చేతికి పెన్ను ఇచ్చింది. తన చేతిరాత చెల్లెలు పోల్చుకుంటుందని నన్ను రాయమంది. కుడి పక్కన తన పేరు, మా ఇంటి అడ్రసు చెప్పింది. ఎడమ పక్క కింద, పంపేవారి చోట, చెల్లెలి పేరూ మెదక్ అడ్రసూ రాయమంది. బడిలో అప్పుడే ఈ పాఠం అయింది మాకు. నేను ఆగిపోయాను.

"నానమ్మా, ఉల్టా అయితుంది. గిట్ల రాస్తే మనింటికే వస్తది."

"రానియ్యి బిడ్డా. నువ్వు జర మంచిగ రాయి."

ముసలామెకు మతి పోయిందేమోనని నాకు భయం వేసింది. అయినా రాశాను.

రెండు మూడు రోజులకు పోస్ట్‌మ్యాన్ వచ్చాడు. వాపసు కవర్లన్నీ తెచ్చిచ్చింది ఆయనే కాబట్టి మా ఇంటి గొడవ ఆయనకు తెలియనిది కాదు. "అమ్మా, గిన్ని దినాలకు మీ చెల్లె జాబొచ్చింది" అన్నాడు సంబరంగా. నానమ్మ దాన్ని ముట్టుకోలేదు.

"నాకొద్దు. వాపసు పంపు."

"గట్లంటే ఎట్లమ్మా? ఆమెనే దిగొచ్చింది గద" అని ఆయన బతిమాలాడు. నానమ్మ తల అడ్డంగా ఊపింది. పాపం, ఆయన మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. నానమ్మ గుమ్మంలో కూలబడి కొంగుతో చెమట తుడుచుకుంది.

"నా పేరు చూస్తే వద్దంటది. దాని పేరుతోటి దానికే వాపసు పోతే ఇప్పకుంట ఉంటదా?" అంది నాతో.

తర్వాతి ఆదివారం మేము చర్చి నుంచి వచ్చేసరికి మెదక్ నానమ్మ మా అరుగు మీద కూర్చుని ఉంది. చేతిలో ఆ కవరే.

"నా పేరు పెట్టి నీకు రాసినోళ్లెవరా అని కోపంతోటి చింపిన. బావ సంగతి ఎవ్వరన్న చెప్పబోతే నేనే చెప్పనియ్యలేదక్కా" అంది.

"చాయ్ తాగుతవా?" అని మాత్రం అడిగింది నానమ్మ. వాళ్లిద్దరూ ఏడవలేదు. నాకే ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు ఉత్తరాలు రాసే పని లేదు. ఎప్పుడైనా కొరియర్ కవరు మీద ఎడమ పక్కన నా పేరు రాసేటప్పుడు చేయి ఒక్క క్షణం ఆగుతుంది. నా మీద ఎవరైనా అలిగితే, నా పేరు కనబడకుండా మాట చేరే దారి ఏదా అని వెతుకుతాను. హిమాయత్‌నగర్‌లో ఉండే మా తమ్ముడు నా నంబరు చూస్తే ఫోన్ ఎత్తడు. మనవరాలి ఫోన్ నుంచి చేస్తాను. ఒకసారి ఎత్తాక మాత్రం పెట్టెయ్యడు.