మడత తెర వెనక గొంతు

ఆస్ట్రేలియాలోని టూవూంబాకు వచ్చిన మూడో ఏడు ఊళ్లోని ఔత్సాహిక నాటక బృందంలో చేరాను. యూనివర్సిటీలో నాతో పనిచేసే ఒకావిడే దర్శకురాలు. ఆ ఏడు పాతకాలపు ఫ్రెంచి హాస్యనాటకం ఎంచుకున్నారు. అలాంటి నాటకాల్లోనూ, వాటినుంచి పుట్టిన ఒపేరాల్లోనూ ఒక సేవకుడుంటాడు. యజమాని కన్నా తెలివైనవాడు. పెద్దవాళ్లను బోల్తా కొట్టించి ప్రేమికులకు పెళ్లి చేయిస్తాడు. ఆ వేషం నాకు దక్కింది. కాలేజీలో లెక్చరర్ల గొంతులు అనుకరించి తిట్లు తిన్నవాణ్ని కదా, కష్టమనిపించలేదు.

రెండో అంకంలో సేవకుడు గదిలో అడ్డుగా నిలబెట్టిన మడత తెర చాటున దాక్కుని, యజమాని గొంతుతో ఆయన కూతురి పెళ్లికి ఒప్పేసుకుంటాడు. యజమాని వేషం వేసే పెద్దాయన రిటైరైన స్కూలు టీచరు. వాక్యం చివర ఆయన గొంతు బొంగురుపోయి, చిన్న దగ్గుతో ఆగేది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆయనే నేర్పాడు.

"నవ్వించాలని చూడకు. మాట్లాడేది నేనేనని నువ్వు నమ్మితే చాలు," అన్నాడు.

ఇంట్లో సాధన చేస్తుంటే మా ఆవిడకు నచ్చేది కాదు. "ఏవండీ, ఆ వాయిస్ ఇంట్లో వద్దు. ఎవరో హాల్లోకి వచ్చారనుకుని రెండుసార్లు వచ్చి చూశాను."

"ఇట్స్ క్రీపీ, నాన్నా," అంది మా అమ్మాయి.

ప్రదర్శనకు తొమ్మిది రోజుల ముందు పెద్దాయన నిద్రలోనే పోయాడు. మానేద్దామనుకున్నాం. ఆయన భార్యే ఫోన్ చేసి, ఆపొద్దంది. ఆయన స్థానంలో వేరే నటుడొచ్చాడు. ఇక నేను అనుకరించాల్సింది ఆ కొత్తాయన గొంతు. రిహార్సల్స్‌లో దాన్ని బాగానే పట్టుకున్నాను కూడా.

శనివారం మధ్యాహ్నం మొదటి ఆట. పెద్దాయన భార్య ముందు వరసలో కూర్చుంది. నేను తెర చాటుకు వెళ్లి నోరు తెరిచాను. పోయినాయన గొంతు వచ్చింది. మార్చబోతే ఆ దగ్గు వచ్చింది. హాల్లో నవ్వులు ఆగిపోయాయి. పెళ్లికి ఒప్పుకునే మాటలన్నీ ఎలాగో అయ్యాయి. అక్కడితో ఆగాలి. కానీ నా నోట్లోంచి ఇంకో మాట వచ్చింది.

"వెనక తలుపు గడియ వేశావా?"

అది స్క్రిప్టులో లేదు.

"వేశాను, డార్లింగ్," అని ముందు వరసలోంచి మెల్లగా జవాబొచ్చింది.

ఆట అయ్యాక అందరూ బయటికెళ్తుంటే ఆమె నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. "ఇల్లు దాటిన ప్రతిసారీ నన్ను అదే అడిగేవాడు. నీకెప్పుడైనా చెప్పాడా?"

"లేదండీ."

"చెప్పి ఉండడులే," అని నవ్వింది.

"ఇంకొక్కసారి అంటావా?"

అన్నాను. నా గొంతే వచ్చింది, గుంటూరు యాస ఇంగ్లీషుతో సహా. ఆమె నా వైపు చూడలేదు. ఖాళీ అయిన హాలు వైపు తిరిగి, ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు చాలాసేపు నిలబడింది. తర్వాత తల ఊపి, కారు తాళాలు తీసుకుని వెళ్లిపోయింది.

మిగతా ఆటల్లో కొత్తాయన గొంతే పలికింది. జనం బాగా నవ్వారు. మరుసటి ఏడు కూడా సేవకుడి వేషం ఇస్తామన్నారు. నేను మాత్రం సెట్లకు రంగులు వేసే పని అడిగి తీసుకున్నాను.