గాలి మాత్రమే వచ్చిన ఆదివారం

మా అన్నయ్య తాగి స్టేజీ ఎక్కాడని, అందుకే హోటల్ వాళ్లు బయటికి నెట్టారని మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మూతి వంకర పోయిందీ ఆ తాగుడు వల్లేనట. చూసినవాళ్లకంటే చూడనివాళ్లే వివరంగా చెబుతారు.

శాక్సోఫోన్ మొదట నేర్పింది వాద్యాలు బాగుచేసే ముసలాయన. ఆరు నెలలు ఒకే స్వరం ఊదించాడు. అన్నయ్య ఇంట్లో సాధన మొదలుపెడితే పక్కింటి పిన్ని గోడ మీంచి అరిచేది.

"ఏమ్మా, మీ గేదె ఇంకా ఈనలేదా? దూడ పుట్టాక కబురు చెయ్యండి, చూసిపోతాం!"

తర్వాత హోటల్లో జాజ్ వాయించే మాస్టారు చేరదీశారు. అన్నయ్య అచ్చం ఆయనలాగే ఊది చూపిస్తే చెవులు మూసుకున్నారు.

"నా ఎంగిలి నాకే వడ్డిస్తావేంట్రా? నీదేమైనా ఉంటే తీసుకురా."

అన్నయ్య నెల రోజులు ముఖం చాటేశాడు. మళ్లీ వెళ్లినప్పుడు, మా నాన్న మాట మధ్యలో ఊపిరందక ఆగే తీరు ఉంది చూడండి, దాన్ని పాటలో పెట్టి ఊదాడు. మాస్టారు తన శాక్సోఫోన్‌ను పెట్టెలో పెట్టి మూత వేశారు.

"నాకు పళ్లు ఊడిపోతున్నాయిరా. ఆదివారం భోజనాల వేళ నువ్వు వాయించు. మేనేజరుకు నచ్చితే నా కుర్చీ నీది. చెడగొట్టావో, నా మాట ఇంకెవరూ వినరు."

ఆ ఆదివారం నేను హోటల్ వంటగది తలుపు దగ్గర నిలబడి చూశాను. అన్నయ్య ఊదాడు. పంక్చరైన ట్యూబులోంచి వచ్చినట్టు గాలి వచ్చింది, దాంతోపాటు ఉమ్మి. మళ్లీ ఊదాడు. మళ్లీ గాలే. ఎవరో నవ్వారు.

"ఏంటి మాస్టారూ, తాగుబోతును పట్టుకొచ్చారా?" అన్నాడు మేనేజరు.

అన్నయ్య ఏదో చెప్పబోయాడు. మాట ముద్దగా వచ్చింది. అందరికీ రుజువు దొరికింది. మాస్టారు తల దించుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత మా గడప తొక్కలేదు, అన్నయ్య వెళ్తే తలుపు తీయలేదు.

ఇప్పుడు అన్నయ్య ముసలాయన దుకాణంలో మరమ్మతు పని చేస్తాడు. బాగుచేసిన శాక్సోఫోన్‌ను తాను ఊది చూడలేడు. తెచ్చినవాడి చేతికే ఇచ్చి, గోడ వైపు తిరిగి వింటాడు.

అన్నయ్య ఆ రోజు చుక్క ముట్టలేదు. పొద్దున పళ్లు తోముకుని పుక్కిలిస్తుంటే, నీళ్లు పెదవి ఎడమ మూల నుంచి వాటంతటవే కారిపోయాయి. "మధ్యాహ్నానికి సర్దుకుంటుంది, ఎవరికీ చెప్పకు," అన్నాడు. నేను చెప్పలేదు.