పెద్దబాపు ఫొటో దానంతటదే మాట్లాడింది

ఊరకున్నంత ఉత్తమం లేదంటారు పెద్దలు. ఆ పెద్దలెవరూ మా బస్తీ ఫోన్ గ్రూపులో లేరు. ఉండి ఉంటే, నేను నోరు మూసుకుని పెట్టిన ఒక్క ఫొటో నిండు ప్రాణంతో ఉన్న మనిషిని గంటలో ఎలా చంపిందో చూసి సామెత మార్చుకునేవారు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. నెల రోజులు ఫొటోగ్రఫీ క్లాసుకు వెళ్ళొచ్చాను. "కింద మాటలు రాయాల్సి వచ్చిందంటే ఆ ఫొటో ఫెయిలైనట్టే" అని మా సారు ఒకసారి అన్నారు. మిగతా రోజుల్లో ఏం చెప్పారో గుర్తులేదు గానీ, ఆ ముక్క మాత్రం నా బుర్రలో మేకులా దిగింది.

మా పెద్దబాపు, అంటే నాన్నకు అన్న మల్లయ్య, పాతబస్తీలో పాల వ్యాపారం చేసేవాడు. కన్నకొడుకుల కంటే ఆయనకు షేరూ అనే దున్నపోతంటేనే ప్రాణం. దీపావళి వెళ్ళాక మా పాలవాళ్ళు చేసుకునే సదర్ పండుగలో, పోతుల ఊరేగింపుకు షేరూ ముందు నడవాలని ఏళ్ళ తరబడి కమిటీ చుట్టూ తిరిగాడు. ఆ ఏడు ఒప్పుకున్నారు! పండుగ ముందు రోజు పొద్దున ఛైర్మన్ వచ్చి, ఆయన మెడలో బంతిపూల దండ వేసి వెళ్ళాడు. పెద్దబాపు ఆ దండతోనే కొట్టంలో కుర్చీలో కూలబడి, ఆనందంతో కళ్ళు మూసుకున్నాడు. ముఖం మీద లేత ఎండ. అబ్బ, ఏం వెలుగండీ! చటుక్కున ఫొటో తీసి, బ్లాక్ అండ్ వైట్ చేసి, గ్రూపులో పెట్టాను. ఒక్క మాటా రాయలేదు.

నిమిషంలో దండం పెట్టే బొమ్మలు మొదలయ్యాయి. పది, ఇరవై, నలభై! "ఓం శాంతి" అని ఒకరు. "మాటలు వస్తలేవు" అని ఇంకొకరు. చూశారా, మాటలే రావట్లేదట! నా ఒళ్ళు పులకరించింది.

అంతలో కార్వాన్ నుంచి మేనత్త ఆటో దిగుతూనే గుండెలు బాదుకుంది.

"అన్నా! నన్నిడిసి పోయినవా అన్నా!"

షేరూకు నూనె రాస్తున్న పెద్దబాపు దాని వెనక నుంచి తల బయటపెట్టాడు. "ఏందే లొల్లి? నేనేడికి పోయిన?"

అత్త కెవ్వుమంది. షేరూ బెదిరి నూనె డబ్బా తన్నింది. ఈ గోలలో నా ఫోన్ మోగింది.

"తమ్మీ, ఫికర్ చెయ్యకు, మేమంత ఉన్నం," అన్నాడు ఛైర్మన్ బొంగురు గొంతుతో. "గని సావు మైల పెట్టుకొని పోతును తీస్కరావద్దు. ముందట నడిచేది పురానాపూల్ వాళ్ళకిచ్చినం."

పెద్దబాపు ఫోన్ లాక్కున్నాడు. "అరే, నేనే మాట్లాడుతున్న! మల్లయ్యను!"

"నువ్వా, మల్లన్న పెద్దకొడుకువా? నీ గొంతు అచ్చం మీ బాపు లెక్కనే ఉన్నది. ఏడ్వకు బిడ్డా."

పెద్దబాపు కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. నాకు భయమూ వేసింది, సిగ్గూ వేసింది. బుద్ధి మాత్రం రాలేదు. ఆయన్ని నవ్వమని ఇంకో ఫొటో తీసి పెట్టాను, మళ్ళీ మాటల్లేకుండా! వెంటనే జవాబు వచ్చింది: "పాపం, ఎంత మంచిగ నవ్వుతుండె!"

ఇక లాభం లేదని ఆయన్ని స్కూటర్ ఎక్కించుకుని ఛైర్మన్ ఇంటికి దూసుకుపోయాను. గుమ్మంలో పెద్దబాపును చూడగానే ఛైర్మన్ చేతిలో చాయ్ కప్పు జారిపోయింది. సంగతంతా విని, ఛైర్మన్ నా వైపు తిరిగాడు.

"నాకొక్కనికి ఎరికైతే ఏం ఫాయిదా తమ్మీ? బస్తీ అంత మైల అనుకుంటున్నది. గ్రూపుల రాయి. గప్పుడే మీ పోతు ముందట నడుస్తది."

"ఫొటో కింద మాటలు రాయొద్దు ఛైర్మన్ సాబ్, మా సారు..."

"రాస్తవా, నిన్ను గూడ దండేసి గోడకు ఎక్కియ్యాల్నా?" అన్నాడు పెద్దబాపు.

రాశాను. 'మా పెద్దబాపు పోలేదు. ఫొటో మంచిగొచ్చిందని పెట్టిన. తప్పైంది.' షేరూ స్థానం షేరూకు దక్కింది.

మరునాడు సదర్‌లో షేరూ అందరికంటే ముందు నడిచింది. పెద్దబాపు సంబరం చూడాలి! డప్పుల మధ్య చిన్నపిల్లాడిలా గంతులేశాడు. ఎవరో దండ తెస్తే మాత్రం, "నాకద్దు భాయ్, పోతుకెయ్యిన్రి" అని తప్పుకున్నాడు. మెడలో దండ పడ్డ షేరూను, ఆయన్నీ కలిపి ఫొటో తీశాను. ఈసారి బుద్ధిగా కింద రాశాను: 'మా పెద్దబాపు బతికే ఉన్నడు. మస్తుగ ఉన్నడు.'

కార్వాన్ నుంచి అత్త ఫోన్ చేసింది. ముక్కు చీదుతోంది.

"అన్న మంచిగున్నడు, చాలు బిడ్డా. గని షేరూ ఎప్పుడు పోయిందిరా?"

ఆ క్షణమే షేరూ కొమ్ము పట్టుకుని ప్రమాణం చేశాను. ఇక మీదట నేను తీసే ప్రతి ఫొటో కిందా, అందులోని మనుషులు, గొడ్లు, ఆఖరికి గోడ మీద బల్లితో సహా, బతికున్న వాళ్ళందరి పేర్లూ వరసగా రాస్తాను.