ఎడమచేతికి వచ్చిన మక్కా మసీదు

నాకు అక్షరాలు వచ్చింది యాభై రెండో ఏట. అంతకుముందు బోర్డులు చదవలేను కనుక దారులన్నీ చేతులతో గుర్తుపెట్టుకునేదాన్ని. గుల్జార్ హౌజ్ వైపు నుంచి చార్మినార్‌కు నడిస్తే మక్కా మసీదు కుడిచేతికి వస్తుంది. ఆ లెక్క ఎన్నడూ తప్పలేదు.

హుస్సేనీ ఆలంలో ఫోటోలకు ఫ్రేములు కట్టే దుకాణంలో నా పని. ఒక మధ్యాహ్నం యాకుత్‌పురా సేఠ్ ఒకాయన ఫ్రేము కట్టించుకోవడానికి పాత బొమ్మ తెచ్చాడు. తాత పెట్టెలో దొరికిందట. ఎప్పుడో రాగిరేకు మీద చెక్కి కాగితం మీద అచ్చొత్తిన బొమ్మ. ముందు గుల్జార్ హౌజ్ ఫౌంటెన్, వెనక చార్మినార్, ఆ పక్కన మక్కా మసీదు, అన్నీ వెంట్రుకంత గీతలే. అడుగున ఇంగ్లీషు అక్షరాలు.

నోరు ఊరుకోలేదు. "సేఠ్, మసీదు ఎడమచేతికి వచ్చిందేంది?"

సేఠ్ తేరిపార చూశాడు. ముఖం మాడింది. దుకాణం యజమాని వైపు తిరిగాడు. "అవును కదా! అయితే ఇది నకిలీది. పారెయ్ భాయ్. ఆ ఫ్రేముల మా బాపు ఫోటో పెట్టు."

"మస్తు పని చేసినవ్ అక్కా," అని దుకాణం భాయ్ నన్ను కసిరాడు. "నాలుగు అక్షరాలు వచ్చినయో లేదో, పరీక్షలు పెడుతున్నవ్."

నా మాటకే ఆ కాగితం చెత్తలోకి పోతోంది. ప్రాణం ఒప్పక, ఇంకొక్కసారి చూద్దామని గుమ్మంలోకి తీసుకెళ్లి ఎండకు ఎత్తిపట్టాను. తొందరలో వెనకవైపు నాకు ఎదురుగా వచ్చింది. వెలుగులో గీతలన్నీ తేలాయి.

మసీదు కుడిచేతికి వచ్చింది. గాజులమ్మే లాడ్ బజార్ మలుపు కూడా కుడికే. అక్షరాలు మాత్రం తిరగబడ్డాయి.

మా వీధిలో సీళ్లు చెక్కేవాళ్లను రోజూ చూస్తాను. అచ్చులో సరిగా పడాలని పేర్లు తిప్పి చెక్కుతారు. ఈ చెక్కినాయన అక్షరాలను తిప్పాడు. ఊరిని తిప్పడం మరిచి ఉన్నదున్నట్టే చెక్కేశాడు.

"సేఠ్, నకిలీది కాదు. గిట్ల వచ్చి చూడుండ్రి."

సేఠ్ నా భుజం పక్కన నిలబడ్డాడు. వేలితో హౌజ్ నుంచి మసీదు దాకా దారి పట్టి చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "భాయ్, వెనక అట్ట వద్దు. అటు గూడ అద్దమే వెయ్యి."

నేను ఇంకా కాగితం దించలేదు. చార్మినార్ నీడలో గోరంత ఆడమనిషి ఒకామె తల మీద గంపతో మసీదు వైపు నడుస్తోంది. ఎవరో, ఏ కాలమో. వెళ్లేది మాత్రం నా దారినే.