మేస్త్రమ్మ అంటే మేస్త్రి పెళ్ళాం కాదు

మేస్త్రమ్మ పోయింది. ఏళ్ళ తరబడి మింగిన సున్నం దుమ్ము ఛాతీలో పేరుకుని, సూర్యాపేట దవాఖానలో ఊపిరాడక పోయింది. ఆ కబురు నాకు కోదాడలో, బడి గోడకు సిమెంటు పూసి గిలాబు చేస్తుండగా అందింది. గుత్తేదారు కింద నిలబడి తల పైకెత్తి చెప్పాడు.

"మీ మేస్త్రమ్మ చనిపోయిందంటమ్మాయ్. ఇప్పుడెళ్తావా, కలిపిన సిమెంటు అయిపోయాక వెళ్తావా?"

చేతిలోని తాపీ తీసి వాడి నెత్తిన వేద్దామనిపించింది. కానీ కలిపిన సిమెంటు ఎండబెట్టి వస్తే ఆవిడ పాడె మీంచి లేచి తిట్టేది. అయిపోగొట్టి, చేతులు కూడా కడుక్కోకుండా బస్సెక్కాను.

ఇప్పుడు సూర్యాపేటలో ఎవరిని కదిలించినా ఆమె దేవత అంటున్నారు, దిక్కులేని ఆడవాళ్ళ పాలిటి తల్లి అంటున్నారు. ఆ మాటలన్నవాళ్ళలో ఒక్కడూ పాడె పట్టలేదు. ఆమె దగ్గర పని నేర్చుకున్న ఆడవాళ్ళం మేమే మోశాం. మోయడం మాకేం కొత్త కాదు. నాకు ఒళ్ళు మండి ఇది రాస్తున్నాను. ఆమెకు తల్లి అన్న మాటే గిట్టదు. నేను మొదటిసారి "అమ్మా" అన్నప్పుడు, "అమ్మ కావాల్నంటే గుడికి పో. పని కావాల్నంటే చేతులు సూపియ్" అంది.

అది సూర్యాపేట బస్టాండులో. అత్తగారు వెళ్ళగొట్టారు, తల్లిగారింటికి పోతే అన్న గడప తొక్కనివ్వలేదు. మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆమె రోజూ పొద్దున్నే బస్టాండు చుట్టి వచ్చేది. ఏ బస్సూ ఎక్కని ఆడదాన్ని ఇట్టే పసిగట్టేది. ఊరు అడగదు, కులం అడగదు, మొగుడెందుకు వదిలేశాడో అడగదు. ఒక్కటే అడిగేది.

"తట్ట మోస్తవా, గోడ కడ్తవా?"

"తట్ట మోస్త" అన్నాను. నేను పుట్టి పెరిగి చూసింది అదే. మగవాడు పైన కూర్చుని కడతాడు, ఆడది కింది నుంచి మోస్తుంది.

"తట్ట దించినంక నీకు మిగిలేదేంది? తలకాయ నొప్పి. నడువ్" అని నా మూట తానే అందుకుంది.

మేస్త్రి పెళ్ళాన్ని మేస్త్రమ్మ అనడం మా వైపు అలవాటు. ఆమె పెనిమిటి నిజంగానే మేస్త్రి. సాగర్ కాలువ నీళ్ళొచ్చి మిర్యాలగూడ చుట్టూ మిల్లులు లేస్తున్న రోజుల్లో, ఒక రైసు మిల్లు గోడ కడుతూ పరంజా మీంచి పడి చనిపోయాడు. ఆయనకు ఇటుకలందిస్తూ ఆమె కళ్ళతోనే పని నేర్చుకుంది. దినాలు కాగానే ఆయన తాపీ పట్టుకుని అదే మిల్లుకు పోయి, ఆయన ఆపిన వరస దగ్గర మొదలుపెట్టింది. ఊరు పాత పేరుతోనే పిలిచింది. ఆమె ఆ పేరుకు అర్థం మార్చేసింది. ఇల్లు కట్టించుకునేవాళ్ళు వచ్చి "మేస్త్రి ఏడి?" అంటే, చేతులు కొంగుకు తుడుచుకుని, "నీ ముందలనే నిలవడ్డ. కండ్లు కనవడ్తలేవా?" అనేది. కొందరు అటే పోయేవారు. కొందరు సగం కూలికి బేరమాడేవారు. వాళ్ళను ఆమే తరిమేది.

మనిషి చచ్చినందుకు ఆ మిల్లు పెద్ద షావుకారు సూర్యాపేట పక్కన చివ్వెంల దారిలో ఒక రాళ్ళ నేల చూపించి, "ఇల్లేసుకోమ్మా" అన్నాడు. పదిమంది ముందు నోటిమాటగా అన్నాడు. జొన్న కూడా మొలవని నేల. అక్కడ తనకొక గది కట్టుకుంది. ఆ పక్కన బస్టాండు నుంచి తెచ్చిన ఒక్కొక్కరి చేత వాళ్ళ వాళ్ళ గది కట్టించింది. అదే బడి, అదే ఇల్లు. గోడ వంకరపోతే కాలితో తన్ని పడగొట్టేది. నా గోడను ఎన్నిసార్లు తన్నిందో. నేను ఏడిస్తే, "ఏడువు. ఏడ్సుకుంట కట్టు. రేపు దీని కింద పండేది నువ్వే" అంది.

గది పూర్తయిన నాడు మాత్రం లోపలికి అడుగు పెట్టలేదు. బయట నిలబడి, "లోపటికి రావచ్చునా?" అని అడిగింది. అంతకుముందు ఏ ఇంట్లోనూ ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. గడపకు అడ్డంగా నిలబడిపోయాను. "రమ్మంటవా, పొమ్మంటవా? ఎండ కొడ్తుంది" అని కసిరింది.

ఒకసారి ఊరి పెద్దమనుషులు వచ్చారు. కుట్టు మిషన్లు ఇప్పిస్తామన్నారు. ఆడవాళ్ళు నీడపట్టున కూర్చుని రవికలు కుట్టుకుంటే మర్యాదగా ఉంటుందన్నారు.

"ఎవల నీడ పట్టున సారూ? ముందుగాల నీడ ఉండాలె గద" అంది. వాళ్ళు మళ్ళీ రాలేదు. బజారులో మమ్మల్ని చూస్తే ఉమ్మేసేవారు. ఆమె కూడా ఉమ్మేసేది, వాళ్ళ గోడల మీద. దారిన పోతూ ప్రతి గోడనూ అరచేత్తో తడిమేది, వంకర తగిలితే ఆగి మరీ ఉమ్మేది.

ఆమె దినాల నాడు పెద్ద షావుకారు కొడుకు కారులో వచ్చాడు. తండ్రి ఎప్పుడో పోయాడు. దండ తెచ్చాడు గానీ వేయడానికి ఆమె ఫోటో లేదు. తలుపు గొళ్ళేనికి తగిలించి మాట్లాడాడు.

"మేస్త్రమ్మ పేరు మీద గీడ పెద్ద హాలు కట్టిస్త. పెండ్లిళ్ళకు అక్కరకొస్తది. మీరు పరేషాన్ కాకుండ్రి, సర్కారు ఆశ్రమంల చేర్పిస్త. హాలు పని నడిచినన్ని దినాలు అందరికీ తట్ట పని ఇప్పిస్త."

తట్ట పని! ఆమె పేరు మీద!

"ఈ జాగ మీ నాయిన ఇచ్చిండు సావుకారీ" అన్నాను.

"ఆమెకిచ్చిండు. ఆమె పోయింది. మీరేమైతరు ఆమెకు?"

అమ్మా అని పిలవనిచ్చిందా, కూతుళ్ళమని చెప్పుకోవడానికి? ఆ ఒక్క విషయంలో ఆమె మీద నాకు ఇప్పటికీ కోపమే.

మర్నాడు పొద్దున వాడి మనుషులు వచ్చి మేకులు కొట్టారు. హాలు పునాదికి గుర్తుగా మా గదుల ముందు ఈ కొస నుంచి ఆ కొసకు దారం కట్టి, చాయ్ తాగడానికి పోయారు. మేం ఎవరి గడపలో వాళ్ళం కూర్చుని ఆ దారాన్ని చూస్తున్నాం. తిరుమలగిరి నుంచి వచ్చిన కొత్త పిల్ల ఒకతి ఉంది. ఆమెకు మేస్త్రమ్మ దారం వెంబడి ఇటుక పెట్టడం వరకే నేర్పి మంచాన పడింది. ఆ పిల్ల లేచి, కొత్త గది కోసం పేర్చిన ఇటుకలు తెచ్చి, సున్నం కలిపి, ఆ దారం వెంబడి పెట్టడం మొదలుపెట్టింది.

"ఏం జేస్తున్నవే?" అన్నాను.

"దారం కట్టినరు గదక్కా. దారం కట్టినంక కూసుంటే మేస్త్రమ్మ తిడ్తది."

ఆ దారం మనది కాదే అని చెప్పబోయాను. తాపీ తెచ్చుకుని ఆమె పక్కన కూర్చున్నాను. తరువాత ఒక్కొక్క గడప ఖాళీ అయింది.

చిన్న షావుకారు వచ్చేసరికి గోడ మోకాలెత్తు లేచింది. వాడు ఒకవైపు, మా గదులు ఒకవైపు.

"ఏందే ఇది? ఎవలు కట్టమన్నరు?"

కొత్త పిల్ల తలెత్తలేదు. "జర పక్కకు జరుగు సావుకారీ, సున్నం మీద వడ్తది."

పోలీసులను తెస్తానన్నాడు, కోర్టుకు పోతానన్నాడు. పోనీ. అక్కడేమవుతుందో నాకు తెలియదు. కారు కదులుతుండగా వాడి కూలీ ఒకతను మేకు పీకి, తన దారం చుట్టుకోబోయాడు. ఇటుకను దారానికి ఆనించి పెట్టాలి. ఆ పిల్లకు ఇంకా పని రాదు, దారం మీదే పెట్టుకుంటూ పోయింది. అతను లాగాడు. రాలేదు. కాళ్ళు తన్నిపట్టి గట్టిగా లాగాడు. దారం బిగిసి ఊగిందే తప్ప, గోడ కింద నుంచి జానెడు కూడా రాలేదు.