మిషనుకి జలుబు

పోస్టర్లు వేసే ఆ షాపులో ప్రింటు ఏ కారణంతో చెడినా, పెద్దాయన చెప్పే జబ్బు మాత్రం ఒక్కటే: "మిషనుకి జలుబు చేసింది."

మంచమంత మిషను. పన్నెండేళ్ళుగా దాని మంచీ చెడ్డా చూసుకునేది ఆయనే. బొమ్మ మీద అడ్డంగా గీతలు పడ్డాయా, జలుబు. అక్షరాలు రెండేసి కనిపిస్తున్నాయా, జలుబే. ఒకసారి పోస్టర్లు కత్తిరించే కటింగతను మిషనులో పేపరు రకం తప్పు నొక్కితే బొమ్మలో ఆకాశం కాస్తా ఆకుపచ్చగా దిగింది. "ఇది కూడా జలుబేనా?" అని ఓనరు గుడ్లురిమాడు. "ముదిరింది సార్. ఏసీ గాలి సూటిగా తగులుతోంది పాపం దానికి" అన్నాడు పెద్దాయన. ఆ వేసవంతా ఓనరు ఏసీ ఆపేసుకుని చెమటలు కక్కాడు.

కొత్తగా చేరిన డిజైనరుకి ఇదంతా చాదస్తంగా కనిపించేది. ఇద్దరు పిల్లల తల్లి, ఆరేళ్ళ తర్వాత మళ్ళీ ఉద్యోగంలో పడింది. "బాబాయ్, యంత్రానికి జలుబేంటి? వింటే నవ్విపోతారు" అనేది. "నవ్వనీ అమ్మాయ్, ఆరోగ్యం" అనేవాడు ఆయన, టెస్టు ప్రింటులో ఎక్కడ గీత తెగిందో వెతుక్కుంటూ.

నవ్వులాట మాట అలా ఉంచితే, పెద్దాయన సెలవు పెట్టిన రెండు రోజుల్లోనూ ఆవిడ చేతుల్లో రెండు పోస్టర్లు పాడయ్యాయి. మూడోది పాడైతే ఇంక రానక్కర్లేదని ఓనరు మొహం మీదే చెప్పేశాడు.

ఆ మూడోది పళ్ళ డాక్టరుగారిది. ఎనిమిదడుగుల నవ్వు. నాలుగింటికి వచ్చి పట్టుకెళతారు. ఆవిడ కొత్త రోలు ఎక్కించి ప్రింటు కొట్టింది. బయటికొచ్చిన నవ్వు చూసి, సెలవు నుంచి ఆ రోజే వచ్చిన పెద్దాయన్ని కేకేసింది. ఇంకు పేపర్లోకి ఇంకిపోయి, రంగులు అలుక్కుపోయి, ఆ పళ్ళు పుట్టాక ఒక్కసారైనా తోమినట్టు లేవు.

పెద్దాయన వేలు తడి చేసుకుని పేపరు అంచుని రెండు వైపులా నొక్కి చూశాడు. ఇంకు నిలిచే పూత ఉన్న వైపు తడి వేలికి అతుక్కుంటుంది. ఇక్కడ అతుక్కున్నది బొమ్మ పడని వైపు. రోలు తిరగేసి ఎక్కించిందన్నమాట. ఆవిడకీ అర్థమై కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సరిగ్గా అప్పుడే ఓనరు దిగబడ్డాడు.

"ఎవరి నిర్వాకం ఇది?"

"నేనే సా..." అనబోయింది ఆవిడ.

"జలుబు సార్!" పెద్దాయన అడ్డం పడ్డాడు. "ఈసారి గట్టిగా పట్టేసింది. డిస్టిల్డ్ వాటర్ కావాలి. ఇంకెవర్ని పంపినా ఏదో ఒకటి పట్టుకొచ్చేస్తారు, మీరే వెళ్ళాలి."

ఓనరు గొణుక్కుంటూ బయటికి పరిగెత్తాడు.

"చూస్తావేంటమ్మా, రోలు తిప్పు!"

ఓనరు సీసాతో తిరిగొచ్చేసరికి పళ్ళు తళతళలాడుతూ దిగుతున్నాయి. "మీరలా గడప దాటారో లేదో, ఇలా తేరుకుంది సార్" అన్నాడు పెద్దాయన. ఓనరు మురిసిపోయి, మిషను వీపు తట్టి తన గదిలోకి వెళ్ళిపోయాడు.

డిజైనరు కళ్ళు తుడుచుకుని, గొంతు తగ్గించి అడిగింది. "నిజం చెప్పండి బాబాయ్. ఈ పన్నెండేళ్ళలో అసలైన జలుబులెన్ని?"

"ఒకటో రెండో. బంగారం లాంటి మిషను."

"మరి మిగతావి?"

"నీది ఇవాళ్టిది ఒకటి. కటింగతనివి ఐదు." ఆయన ఓనరు గది వైపు ఓ చూపు చూసి, దగ్గరికి వంగాడు. "సారువి పదకొండు. చెప్పకేం, పాపం చిన్నబుచ్చుకుంటాడు."